చర్చ: 38 ఏళ్లు మూతబడి తెరిచిన బ్రోరా, పాత బ్రోరాయేనా?

పీపా_పరిశీలకుడు:
స్కాట్లాండ్ ఈశాన్య తీరంలోని బ్రోరా అనే విస్కీ డిస్టిలరీని (విస్కీ తీసే కార్ఖానా) డీసీఎల్ కంపెనీ 1983 మార్చిలో మూసేసింది. అమ్మకాలు పడిపోయి గోదాముల్లో విస్కీ పేరుకుపోవడంతో ఆ ఏడాది మూసిన 11 మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) డిస్టిలరీల్లో ఇదొకటి. ఇప్పటి యజమాని డియాజియో కంపెనీ 2021 మేలో మళ్ళీ తెరిచింది. నా లెక్కలో పేరొక్కటే పాతది. బార్లీ రకం మారింది (అప్పట్లో గోల్డెన్ ప్రామిస్), ఈస్టూ మారింది. అప్పట్లో డిస్టిలర్ల ఈస్టులో బీరు తయారీదారుల ఈస్టు కలిపేవారు, ఇప్పుడది అరుదు. పాత సీసాల పరువుతో కొత్త సరుకు అమ్మడం ఎంతవరకు సబబు?

రాగిబాన:
అన్నిటినీ ఒకే గాట కట్టకండి సార్. ఇలాగే మూతబడి తెరిచిన పోర్ట్ ఎలెన్ డిస్టిలరీలో స్టిల్స్ (సరుకు మరిగించే రాగి బానలు) ఎప్పుడో పీకేశారు, 2024లో తెరిచినప్పుడు కొత్తవి చేయించారు. అలాంటిదే మరోటి రోజ్‌బ్యాంక్‌లోనైతే 2008 చివర్లో దొంగలే ఎత్తుకుపోయారు. బ్రోరాలో వాష్ స్టిల్ (మొదటి మరిగింపుది), స్పిరిట్ స్టిల్ (రెండో మరిగింపుది) రెండూ ఉన్నచోటే ఉన్నాయి. వాటినే అలోవాలోని రాగి పనివాళ్ల దగ్గరికి పంపి బాగుచేయించి తెచ్చారు. స్టిల్ హౌస్ గోడల్ని రాయి రాయిగా విప్పి మళ్ళీ కట్టారు. ఆవిరిని చల్లార్చడానికి వర్మ్ టబ్‌లే ఉంచారు, అంటే చన్నీళ్ల తొట్టిలో చుట్టలు చుట్టిన రాగి గొట్టం. అందులో ఆవిరికి రాగి తక్కువ తగులుతుంది కాబట్టి సరుకు బరువుగా, కాస్త గంధకం వాసనతో దిగుతుంది. షెల్ అండ్ ట్యూబ్ కండెన్సర్ (సన్న రాగి గొట్టాల కట్ట, ఆవిరికి రాగి ఎక్కువ తగిలేది) పెట్టి ఉంటే మీ మాట ఒప్పుకునేవాణ్ణి.

ఫెయింట్స్_తొట్టి:
ఇద్దరూ స్టిల్ దగ్గరే ఆగిపోయారు. బ్రోరాని బ్రోరా చేసింది మైనపు గుణం, నోట్లో నూనెలా పట్టుకునే ఆ జిగురు. రోడ్డుకి అవతలే ఉన్న క్లైనెలిష్ డిస్టిలరీలో దాని మూలం తెలిసింది. లో వైన్స్ (మొదటి మరిగింపు సరుకు), ఫోర్‌షాట్స్, ఫెయింట్స్ (రెండో మరిగింపులో మొదటా చివరా దిగేవి) నిలవుండే రిసీవర్ తొట్ల అడుగున ఏళ్ల తరబడి ఒక మడ్డి పేరుకుంటుంది. ఒకసారి మరమ్మతుల్లో దాన్ని శుభ్రంగా కడిగేశారు. మైనం మాయమైంది! అప్పట్నుంచి కడిగినప్పుడు ఆ మడ్డిని తీసి దాచి, మళ్ళీ అందులోనే వేస్తున్నారు. బ్రోరా తొట్లు 38 ఏళ్లు ఎండిపోయి ఉన్నాయి. ఆ పొర కట్టడానికి ఎన్ని బ్యాచులు పోవాలో అన్నదే అసలు సంగతి, స్టిల్ వంపు తర్వాత మాట.

పీపా_పరిశీలకుడు:
@ఫెయింట్స్_తొట్టి, బాగా చెప్పారు, అది నా వాదనకే బలం. అయితే @రాగిబాన గారూ, మీరు "పాత బ్రోరా" అంటున్నది ఏ బ్రోరా? 1819లో పుట్టినప్పుడు దీని పేరే క్లైనెలిష్. 1967-68లో పక్కన కొత్తది (ఇప్పటి క్లైనెలిష్) కట్టాక పాతది ఆపి, 1969లో మళ్ళీ వెలిగించారు. బ్లెండ్లకి (రకరకాల విస్కీలు కలిపి చేసేవి) ఐలా ద్వీపం తరహా పొగ మాల్ట్ కావాల్సొచ్చింది, అక్కడి కౌల్ ఈలా డిస్టిలరీ కూడా 1972-74లో పునర్నిర్మాణానికి ఆగింది. అందుకే 70ల మొదట్లో తీసినదాంట్లో పీట్ (మాల్ట్ ఆరబెట్టడానికి కాల్చే బురదనేల మట్టి) పొగ దండిగా ఉంటుంది, ఆ తర్వాత తగ్గించారు.

రాగిబాన:
నిజమే, 1972 సీసాకీ 1981 సీసాకీ పోలికే లేదు. పీట్ మాల్ట్ ఎంత వేశారన్నదే కాదు, కట్ ఎక్కడ చేశారన్నదీ (సరుకు తీయడం ఎక్కడ ఆపారన్నదీ) చూడాలి. పొగ వాసనిచ్చే ఫినాల్స్ స్పిరిట్ రన్ (రెండో మరిగింపు) చివర్లో దిగుతాయి. ఆల్కహాల్ 60 శాతం దగ్గరికి రాకముందే సరుకు తీయడం ఆపితే పొగ పలచబడుతుంది, ఇంకా కిందికి పోతే తడి గుడ్డ, పాత తోలు వాసన మొదలవుతుంది. ఒకే మాల్ట్‌తోనే ఇదంతా తేడా. పాతదాంట్లోనే రెండు మూడు రకాలుంటే కొత్తది ఏ కొలతకి సరిపోవాలి?

ఫెయింట్స్_తొట్టి:
ఇంకోటి. 2021 మేలో తీసినది 2024 మేకి గానీ చట్టప్రకారం విస్కీ కాలేదు (ఓక్ పీపాలో కనీసం 3 ఏళ్లు ఉండాలి). దాన్ని 30 ఏళ్ల పాత బ్రోరా పక్కన పెట్టి తీర్పు చెప్పడం దండగ. తూచాలంటే స్టిల్‌లోంచి దిగిన కొత్త స్పిరిట్‌ని క్లైనెలిష్ కొత్త స్పిరిట్‌తో, ఒకే శాతానికి నీళ్లు కలిపి చూడాలి. మైనం ఉందా లేదా అక్కడే తేలుతుంది. పీపా రుచి ఎక్కాక ఎవరూ చెప్పలేరు.

పీపా_పరిశీలకుడు:
చట్టం ఒక్క డిస్టిలరీ పేరునే చూస్తుంది. మధ్యలో ఎన్నేళ్లు ఆగిందో లేబుల్ మీద రాయాలని ఎక్కడా లేదు. నా గొడవ ఆ లేబుల్‌తోనే. డిస్టిల్ చేసిన సంవత్సరం ముందువైపే పెద్దక్షరాల్లో వేస్తే చాలు, పాతదా కొత్తదా అన్నది కొనేవాడే చూసుకుంటాడు.