మందలో ఈసుకుపోయే జబ్బు: పాజిటివ్‌లను తీసేయడమా, పెద్ద పశువులకూ టీకా వేయడమా?

పాడికొట్టం
60 పాడి పశువుల మంద అనుకోండి. మూడు నెలల్లో నాలుగు ఈసుకుపోయాయి (నెలలు నిండకముందే దూడను పడేశాయి), నాలుగూ ఆరో నెల దాటిన చూడివే. రెండింటికి మాయ పడలేదు. ఇలా ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లోసిస్‌ (బ్రూసెల్లా అనే క్రిమి తెచ్చే జబ్బు) కోసం చేసే రోజ్ బెంగాల్ రక్తపరీక్షలో 9 పాజిటివ్. ఆ తొమ్మిదింటినీ తీసేస్తే మంద శుభ్రపడుతుందని ఒకరంటారు. తీసేసినా లాభం లేదు, మామూలుగా పెయ్యదూడలకు వేసే ఎస్19 టీకాను (బలహీనపరిచిన బ్రూసెల్లా క్రిమితో చేసిన జీవటీకా) పెద్ద పశువులకూ వేయించమని ఇంకొకరంటారు. ఏది సరైన దారి? యాంటీబయాటిక్‌తో పశువుకు నయం చేయొచ్చన్న సలహా మాత్రం వద్దు. క్రిమి కణాల లోపల దాక్కుంటుంది, మందు ఆపగానే మళ్లీ బయటపడుతుంది, ఆ సంగతి తెలుసు.

మందవైద్యం
తీసేయాలి, అదీ వరుస ప్రకారం. ఫలితం వచ్చిన రోజే తొమ్మిదింటినీ వేరే కొట్టంలోకి మార్చాలి. ముందు చూడివాటిని కదిలించండి. ఈ క్రిమి ఎక్కువగా బయటపడేది ఈనినప్పుడు, ఈసుకుపోయినప్పుడు, ఆ తర్వాత కొన్ని వారాలు వచ్చే మైలలో. వట్టిపోయిన ఆవుతో అంత తొందర లేదు.

మిగిలిన 51కి నెలకో రెండు నెలలకో ఒకసారి పరీక్ష చేస్తూ పోవాలి. వరుసగా రెండుసార్లు అన్నీ నెగటివ్ వచ్చాక ఆరు నెలలకు ఇంకోసారి. ఒక్క పరీక్షలో నెగటివ్ వచ్చిందని నమ్మితే మునిగిపోతారు. కొత్తగా సోకిన పశువుకు యాంటీబాడీలు తయారవడానికి వారాలు పడుతుంది. అంతకంటే ప్రమాదం పాజిటివ్ తల్లికి పుట్టిన పెయ్యలు. వాటిలో కొన్ని కడుపులోనే జబ్బు తెచ్చుకుని, పెరిగినన్నాళ్లూ నెగటివ్ చూపించి, మొదటి చూడికి ఈసుకుపోయి మందంతా అంటిస్తాయి. ఈనిన రెండు మూడు వారాలకు మళ్లీ రక్తం తీయకుండా ఏ పెయ్యనూ మందలో కలపొద్దు.

ల్యాబ్‌బెంచి
అసలు ఆ తొమ్మిదీ నిజంగా పాజిటివేనా? పరీక్ష ఎలా చేశారో చెప్పకుండా తీసేయమనడం తొందరపాటు. సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు), యాంటిజెన్ (రంగు వేసిన చచ్చిన క్రిమి ద్రావణం) రెండూ ఫ్రిజ్‌లోంచి తీసి గది వేడికి వచ్చేదాకా ఆగాలి. చెరో 30 మైక్రోలీటర్లు పలక మీద కలిపి, 4 నిమిషాలు ఊపి, అప్పుడే చదవాలి. పలకను పక్కన పెట్టి వేరే పని చూసుకుని పది నిమిషాలకు చదివితే అంచులు ఎండి గుత్తులు కట్టినట్టు, అంటే పాజిటివ్‌లా, కనిపిస్తుంది. నెగటివ్, పాజిటివ్ కంట్రోళ్లు (ఫలితం ముందే తెలిసిన నమూనాలు) పెట్టారా? చిన్నప్పుడు ఎస్19 వేసిన పశువులెన్ని, ఏ వయసులో వేశారు? యెర్సీనియా ఓ:9 అనే వేరే క్రిమి సోకిన పశువు కూడా ఈ పరీక్షలో పాజిటివ్‌గా కనబడుతుంది. కాంపిటీటివ్ ఎలైజా గానీ కాంప్లిమెంట్ ఫిక్సేషన్ గానీ, అంటే నిర్ధారణకు చేసే రెండో రక్తపరీక్ష, చేయించాకే పాజిటివ్ అనండి.

మందవైద్యం
నాలుగు ఈసుకుపోయిన మందలో ఆ తొమ్మిదిలో ఒకటీ అరా తప్పుగా తేలిందనే అనుకుందాం. రెండో పరీక్ష ఫలితం వచ్చేదాకా వేరే కొట్టంలో ఉంచితే పోయేదేముంది?

ల్యాబ్‌బెంచి
వేరుగా ఉంచడానికి అభ్యంతరం లేదు. మీరు రాసింది "తీసేయాలి" అని. ఆ రెండూ ఒకటి కాదు.

జ్వరాలవార్డు
సంఖ్యల లెక్క తేల్చుకునేలోపు ఇంకో పశువు ఈసుకుపోతుంది. అప్పుడు మాయలో చేయి పెట్టేది ఎవరు? ఈ చర్చలో ఆ మనిషి ఊసే లేదు.

మనుషులకు ఈ జబ్బుకు టీకా లేదు. గాలిలో తుంపరల ద్వారా అయితే పదుల సంఖ్యలో క్రిములు లోపలికి వెళ్లినా సోకడానికి చాలు. కాబట్టి ముందు ఈ పని చూడండి: పడని మాయను ఒట్టి చేత్తో లాగొద్దు. భుజం దాకా వచ్చే గ్లవుజులు, కళ్లద్దాలు, ఎన్95 మాస్కు, రబ్బరు బూట్లు, ఆప్రాన్ లేకుండా ఆ పశువు దగ్గరికి ఎవరూ వెళ్లొద్దు. గర్భిణులు ఆ కొట్టం ఛాయలకే పోకూడదు. పడిన పిండాన్నీ మాయనూ క్రిమిసంహారకంతో తడిపి, రెండు మందపాటి సంచుల్లో కట్టి, సున్నం చల్లి, కుక్కలు తవ్వలేనంత లోతున పూడ్చాలి. నేలను కడిగేముందు పేడ, రక్తం గీకి ఎత్తేయాలి. మురికి మీద పోసిన బ్లీచింగ్ ద్రావణం ఆ మురికితోనే ఖర్చైపోతుంది, క్రిమి జోలికి పోదు. ప్రెజర్ పంపుతో మాత్రం కొట్టొద్దు, కొట్టమంతా తుంపర లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

టీకా వేస్తే ఈసుకుపోవడాలు తగ్గుతాయి, బయటికొచ్చే క్రిమీ తగ్గుతుంది, మనిషికి ముప్పూ తగ్గుతుంది. నా ఓటు టీకాకే.

వాననీరు
పాలు మరగబెడితే సరిపోదా?

జ్వరాలవార్డు
తాగేవాళ్లకు సరిపోతుంది. 63 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు గానీ 72 దగ్గర 15 సెకన్లు గానీ ఉంచితే క్రిమి చస్తుంది, మరిగితే ఇక చెప్పేదేముంది. పాలు పితికేవాళ్లకు, పురుడు పోసేవాళ్లకు, ల్యాబులో నమూనా తెరిచేవాళ్లకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. వాళ్లకు సోకేది చేతి మీది గాట్లలోంచి, కంట్లోంచి, ఊపిరిలోంచి.

మందవైద్యం
టీకా పేరెత్తితే అందరికీ హాయిగా ఉంటుంది, ఏ పశువునూ వదులుకోనక్కర్లేదు కదా. ఎస్19 సుమారు 70 శాతం రక్షణ ఇస్తుంది, అదీ జబ్బు సోకకముందు వేస్తేనే. సోకిన ఆవుకు వేస్తే ఆ ఆవు బాగుపడదు. 4 నుంచి 8 నెలల పెయ్యదూడలకు ఒక్కసారి, పూర్తి మోతాదు: దాన్ని ఎవరూ కాదనరు. పూర్తి మోతాదు పెద్ద చూడి ఆవుకు చర్మం కింద వేస్తే టీకా క్రిమే ఈసుకుపోయేలా చేయొచ్చు, పాలలోనూ రావచ్చు. ఆబోతుకు వేస్తే వృషణాలు వాచే ప్రమాదం. పైగా వేశాక యాంటీబాడీలు నెలల తరబడి, కొన్నిటిలో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. ఆ తర్వాత పరీక్షలో పాజిటివ్ వస్తే టీకాదో జబ్బుదో ఎవరు తేలుస్తారు?

ల్యాబ్‌బెంచి
దానికి దారి ఉంది. పెద్ద పశువులకు సూది కాకుండా కంట్లో చుక్క వేయాలి, 500 కోట్ల జీవక్రిముల మోతాదు, ఒకసారి లేదా రెండుసార్లు. అలా వేస్తే యాంటీబాడీలు ఎక్కువకాలం నిలవవు, ఈసుకుపోయే ముప్పూ తగ్గుతుంది. అదీ వద్దంటే ఆర్‌బీ51 అనే ఇంకో టీకా ఉంది. రోజ్ బెంగాల్ పట్టుకునేది క్రిమి పైపొర మీది ‘O’ అనే చక్కెర గొలుసుకు తయారైన యాంటీబాడీలను; ఆ గొలుసు ఆర్‌బీ51పై లేదు కాబట్టి టీకా వేసిన పశువు పరీక్షలో పాజిటివ్ రాదు. మందవైద్యం గారి అభ్యంతరం అక్కడితో తీరినట్టే.

జ్వరాలవార్డు
పశువు పరీక్షలో కనబడదు, నిజమే. మనిషి పరీక్షలోనూ కనబడదు! ఆర్‌బీ51 సూది వేలికి గుచ్చుకుని జ్వరం వస్తే మామూలు సీరం పరీక్ష నెగటివ్ వస్తుంది. రిఫాంపిసిన్ అనే యాంటీబయాటిక్ దానిమీద పనిచేయదు. ఎస్19 గుచ్చుకుంటే డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, రిఫాంపిసిన్ 600 ఒకసారి, 21 రోజులు ఇస్తాం. కంట్లో పడితే నాలుగు నుంచి ఆరు వారాలు. ఆర్‌బీ51కి రిఫాంపిసిన్ స్థానంలో వేరే మందు చూడాలి. అది చూడాలంటే, గుచ్చుకున్నది ఏ టీకానో ఆ మనిషి చెప్పగలగాలి. సీసా మీది పేరు చదవకుండా సిరంజి నింపేవాళ్లకు మీరు ఈ టీకా సూచిస్తున్నారు.

ల్యాబ్‌బెంచి
సీసా పేరు చదవకపోవడం టీకా తప్పు కాదు.

జ్వరాలవార్డు
తప్పు ఎవరిదైనా జ్వరం ఆ మనిషికే. మీ పశువైద్యం వాళ్ల మీద నా ఫిర్యాదు అదే. మందలో పాజిటివ్ తేలితే ఆ ఇంటివాళ్లను చూసే డాక్టరుకు ఒక్క ముక్క చెప్పరు. వారాల తరబడి వచ్చిపోయే జ్వరం, చెమటలు, నడుంనొప్పితో మనిషి వస్తే టైఫాయిడ్ అనో క్షయ అనో మందులు నడుస్తాయి. రక్తం కల్చర్‌కు పంపినా అనుమానం రాసి పంపకపోతే, ల్యాబువాళ్లు ఎప్పటిలా బల్ల మీదే ప్లేటు తెరుస్తారు, వాళ్లకూ సోకుతుంది. తీరా జబ్బు తేలాక ఆరు వారాల మందు. మూడో వారానికి జ్వరం తగ్గిందని మానేస్తారు, తిరగబెడుతుంది.

మందవైద్యం
మరి మీరు? రోగికి బ్రూసెల్లా అని తేలాక "ఏ మంద, ఏ పశువు" అని ఎంతమంది డాక్టర్లు అడిగి మాకు కబురు పెట్టారు? మందు చీటీ రాసి పంపేస్తారు. మూలం అక్కడే ఉంటుంది, వచ్చే ఏడు అదే ఇంట్లోంచి ఇంకొకరు వస్తారు.

మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవి సంగతి మీకు తెలిసిందే. 1887లో బ్రూస్ అనే బ్రిటిష్ సైనిక వైద్యుడు క్రిమిని పట్టాడు, 1905లో జామిట్ అనే మాల్టా వైద్యుడు మేకల్లో దాన్ని చూపించాడు, 1906లో అక్కడి బ్రిటిష్ దండుకు మేకపాలు ఆపేశారు. సైనికుల్లో జ్వరాలు పడిపోయాయి. మేకలు మాత్రం అలాగే ఉన్నాయి, ఊరి జనానికి జ్వరం వస్తూనే ఉంది. మనిషి చుట్టూ కంచె కడితే కంచె లోపలివాళ్లే బతుకుతారు. మీరు చెప్పే గ్లవుజులు, మాస్కులు కూడా ఆ కంచే.

జ్వరాలవార్డు
కంచె లేకుండా ఈ రాత్రి ఈనబోయే పశువు దగ్గరికి మీరు వెళ్తారా? వెళ్లరు. మీ పద్ధతి పూర్తయ్యేసరికి కనీసం రెండేళ్లు. ఆ రెండేళ్లూ పురుడు పోసేవాళ్లు ఏమైపోవాలి?

నాగలికర్రు
ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినడం లేదు.

పాడికొట్టం
నేనడిగిన ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు, కాబట్టి సూటిగా అడుగుతాను. మందవైద్యం గారూ, "తీసేయాలి" అంటే ఎక్కడికి? తొమ్మిది పశువులు, నష్టపరిహారం లేదు, వధకు పంపే దారి లేదు. అలాంటప్పుడు యజమాని చేసేది ఒక్కటే, అమ్మేస్తాడు. కొన్నవాడికి చెప్పడు, చెబితే కొనేవాడుండడు. చూడి పశువుకు మంచి బేరం వస్తుంది కాబట్టి ముందు అదే పోతుంది. రెండు మూడు నెలల్లో కొత్త కొట్టంలో ఈసుకుపోతుంది. ఇక్కడ మంద శుభ్రపడినట్టు కాగితం, అక్కడ కొత్త మందకు జబ్బు. పరీక్ష చేసి తీసేయడం అని మీరంటున్నది చాలాచోట్ల పరీక్ష చేసి అమ్మేయడమే.

మందవైద్యం
అమ్మమని నేనెక్కడా అనలేదు.

పాడికొట్టం
అనలేదు. ఆపే ఏర్పాటూ చెప్పలేదు.

ల్యాబ్‌బెంచి
ఇది నిజం. ఫలితం యజమాని చేతికి ఇచ్చాక ఆ నంబరు చెవిపోగు మళ్లీ మా ల్యాబుకు రాదు. పోగు కత్తిరించిన పశువులు కొత్త నంబరుతో వస్తాయి.

మందవైద్యం
సరే, ఒప్పుకోవాల్సిన చోట ఒప్పుకుంటాను. పరీక్షించి వధించే పద్ధతి నెగ్గిన చోట్ల దానికి పరిహారం, పశువుల కదలికల నియంత్రణ, నంబర్ల నమోదు తోడున్నాయి. ఆస్ట్రేలియా 1970లో జాతీయ కార్యక్రమంగా పట్టుకుని 1989కి పశువుల్లో ఈ జబ్బు లేదని ప్రకటించుకోగలిగింది. అక్కడా ముందు టీకాతో జబ్బు తగ్గించి, తర్వాతే పూర్తిగా ఏరివేతకు దిగారు. వందకు ఒకటి రెండు పాజిటివ్ ఉన్నప్పుడు ఏరివేత నడుస్తుంది. 60లో 9 అంటే 15 శాతం. అంతమేర ఉన్నప్పుడు ఏరివేత ఒక్కటే దారి అనలేను.

కానీ టీకా వేసి పాజిటివ్‌లను మందలోనే కలిపి ఉంచడానికి నేను ఒప్పుకోను. అమ్మకూడదు, కలపకూడదు. ఆ తొమ్మిదీ బతికినంతకాలం వేరే కొట్టం, వేరే బక్కెట్లు, వేరే పనిమనిషి, వేరే దారి. వాటిని ఆబోతుకు దాటించొద్దు, అసలు మళ్లీ చూడి కట్టించొద్దు. ఈనకపోతే క్రిమి పెద్దఎత్తున బయటికి రావడం ఆగుతుంది. పాలు వేరుగా వేడిచేశాకే బయటికి వెళ్లాలి.

పాడికొట్టం
చూడి కట్టించకపోతే పాలెక్కడివి? ఏడాదికల్లా వట్టిపోతాయి. తొమ్మిది వట్టి పశువులకు మేత ఎవరు పెడతారు? ఆ మేత బరువే మళ్లీ అమ్మకం దాకా తీసుకెళ్తుంది.

జ్వరాలవార్డు
నేను టీకా అన్నది ఇందుకే. యజమానికి మోయగలిగిన పని చెబితే చేస్తాడు. మోయలేనిది చెబితే దాచిపెడతాడు. దాచిన మందలో పనివాడికి గ్లవుజు కూడా ఉండదు, ఎందుకు తొడుక్కోవాలో ఎవరూ చెప్పరు కాబట్టి.

మందవైద్యం
దాచిపెడతాడని భయపడి అబద్ధపు భద్రత చెప్పలేం కదా. టీకా వేశాం అనగానే మాస్కు తీసేస్తారు.

ల్యాబ్‌బెంచి
రెండింటికీ పనికొచ్చేది ఒకటుంది. ఈసారి ఈసుకుపోతే సీరంతో ఆగకండి. పిండం కడుపులోని ద్రవం, మాయ ముక్క పగలని డబ్బాలో, దాన్ని ఇంకో డబ్బాలో పెట్టి, మంచుతో, "బ్రూసెల్లా అనుమానం" అని పెద్దక్షరాలతో రాసి పంపండి. ల్యాబులో పెరిగిన క్రిమి టీకాదా, సహజంగా సోకిన జబ్బుదా అన్నది అప్పుడు తేలుతుంది. టీకా వేసే రోజే చెవి నంబరు, తేదీ, టీకా పేరు, మోతాదు, సూదితో వేశారా కంట్లో చుక్కగానా అన్నది పుస్తకంలో రాయండి. సూదికి మూత మళ్లీ పెట్టొద్దు, నేరుగా గట్టి డబ్బాలో వేయండి. మూత పెడుతుంటేనే వేలికి గుచ్చుకుంటుంది.

పాడికొట్టం
అంటే నెగటివ్ 51లో పెద్దవాటికి కంట్లో చుక్క, పెయ్యదూడలకు సూది, తొమ్మిదీ వేరే కొట్టం. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు కదా?

మందవైద్యం
చుక్క వేసే ముందు 51కీ ఇంకోసారి రక్తం తీయండి, నెల ఆగి. అప్పటికి పాజిటివ్‌గా తేలినవాటికి టీకా వృథా.

జ్వరాలవార్డు
ఆ నెలలో ఈనబోయే పశువులెన్ని ఉన్నాయి?

పాడికొట్టం
ఆరు అనుకోండి. అందులో రెండు పాజిటివ్‌లలోవి.

జ్వరాలవార్డు
అయితే నెల ఆగడానికి నేను ఒప్పుకోను. రక్తం తీసిన రోజే చుక్క వేయండి, ఫలితం తర్వాత చూసుకోవచ్చు.

మందవైద్యం
ఆ రోజు వేస్తే రక్షణ వచ్చేసరికి ఆ ఆరూ ఈనేసి ఉంటాయి. మీరు కాపాడదామంటున్న మనిషికి ఆ చుక్క ఎలా ఉపయోగపడుతుందో చెప్పండి.