ఒకరికి ఒకరు: హాల్ నుంచి రాంటనెన్ దాకా, ఏకపక్ష ట్రేడ్‌లు ఎందుకు జరుగుతాయి?

ఆయిల్‌కంట్రీ తెలుగు (ఎడ్మంటన్)

2016 జూన్ 29 పేరెత్తితే, ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో మా ఎడ్మంటన్ టీమ్ ఆయిలర్స్ అభిమానులకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ రోజు టేలర్ హాల్‌ని న్యూజెర్సీ డెవిల్స్‌కి ఇచ్చేసి ఆడమ్ లార్సన్‌ని తెచ్చుకున్నారు. పైన ఒక డ్రాఫ్ట్ పిక్ (కొత్త కుర్రాళ్లని టీమ్‌లు ఏటా వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఒక వంతు) లేదు, ఒక కుర్రాడు లేడు. ఒకరికి ఒకరు, అంతే.

హాల్ 2010 డ్రాఫ్ట్‌లో మొదటి నంబర్. అప్పటికి వయసు 24. ఏడాదికి 6 మిలియన్ డాలర్ల కాంట్రాక్ట్ ఇంకా నాలుగేళ్లు మిగిలే ఉంది. లార్సన్ మంచి డిఫెన్స్‌మన్, ఒళ్లు దాచుకోకుండా ఆడాడు, ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు. నా బాధ బేరం గురించి. కుడివైపు ఆడే డిఫెన్స్‌మన్ మాకు లేడన్న సంగతి లీగ్ అంతటికీ తెలుసు. ముహూర్తం పెట్టుకుని పొలం అమ్మకానికి వెళ్తే కొనేవాడు ఎంతకు అడుగుతాడో మనకు తెలియనిది కాదు కదా.

ఇంకో లెక్క చూడండి. ట్రేడ్ అయిన రెండు రోజులకే, జులై 1న, మిలన్ లూచిచ్‌తో ఏడేళ్లకు 42 మిలియన్ల కాంట్రాక్ట్ రాసుకున్నారు. అంటే ఏడాదికి 6 మిలియన్లు, సరిగ్గా హాల్ జీతం. నన్నడిగితే ఆ వేసవిలో హాల్‌ని ఇచ్చి లార్సన్‌నీ లూచిచ్‌నీ తెచ్చుకున్నట్టే. లూచిచ్ వేగం అప్పటికే తగ్గుతోంది. హాల్ వేగమే మాకు ఆస్తి.

నా అభిప్రాయం ఇదీ: ఏకపక్ష ట్రేడ్‌లు ఆటగాడి సత్తా తెలియక జరిగేవి తక్కువ. స్కౌట్లందరూ అవే మ్యాచ్‌లు చూస్తారు. "ఈ ఖాళీ ఈ వేసవిలోనే నింపేయాలి" అని ముందే తీర్మానించుకుని ఫోన్ ఎత్తడం వల్ల జరిగేవే ఎక్కువ. మీ టీమ్‌ల సంగతులు కూడా రాయండి. ఎవరు ఎక్కువ గోల్స్ కొట్టారన్నది పక్కన పెట్టి, ఆ రోజు ట్రేడ్‌లు కుదిర్చే జీఎం (జనరల్ మేనేజర్) మీద ఏ ఒత్తిడి ఉందో చెప్పండి.

ఎడిసన్ డెవిల్ (న్యూజెర్సీ)

మీ బాధ అర్థమైంది అన్నా, కానీ మొదటి ఏడాది లెక్క తీస్తే ఈ ట్రేడ్ మీరే గెలిచారు. 2016–17లో ఆయిలర్స్ 103 పాయింట్లతో 2006 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్‌కి వచ్చారు. మా డెవిల్స్ ఈస్ట్ విభాగంలో అట్టడుగున ఉన్నారు. ఆ చలికాలంలో ఇక్కడి అభిమానులు కూడా "హాల్ వచ్చి ఏం లాభం" అన్నవాళ్లే.

2017–18లో కథ మారింది. నెవార్క్‌లో పైవరస సీట్లలో కూర్చుని చూస్తే అదెలా మారిందో కళ్లకు కట్టినట్టు కనిపించేది. హాల్ మన వైపు నీలిగీత (బ్లూ లైన్) వెనకే పక్ (బంతికి బదులు ఆడే బిళ్ల) అందుకుని రెండు అడుగుల్లో వేగం పుంజుకునేవాడు. మధ్య జోన్‌లో ఎదుటి డిఫెన్స్‌మన్ వెనక్కి తిరగాలా ఆగాలా అని తేల్చుకునేలోపు భుజం పక్కనుంచి దూరిపోయేవాడు. ఆ సీజన్‌లో 93 పాయింట్లు (ఆటగాడికైతే గోల్స్, గోల్‌కి దారితీసిన పాస్‌లు కలిపిన లెక్క). మా టీమ్‌లో రెండో స్థానంలో ఉన్న నీకో హీషియర్‌కి 52. ఒక్కడే టీమ్‌ని ప్లేఆఫ్స్‌కి మోసుకెళ్లి, లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ అందుకున్నాడు.

ఇంతా చేసి 2019 డిసెంబర్‌లో అతన్ని అరిజోనాకి పంపేశాం. కాబట్టి ఈ ట్రేడ్‌తో మాకు దక్కింది ఒక్క అద్భుతమైన సీజన్. దాన్ని నేను తక్కువ చేయను, కానీ టీమ్ నిర్మాణం అని కూడా అనలేను.

కొత్తగా చూస్తున్నా (హైదరాబాద్)

నమస్తే అండి. హాకీ అంటే నాకు కర్రతో గడ్డి మీద ఆడేదే తెలుసు, ఐస్ హాకీ ఈ మధ్యే చూడటం మొదలుపెట్టాను. ఒక డౌట్. ఐపీఎల్‌లో ట్రేడ్ అంటే ఆటగాడి ఒప్పుకోలు ఉండాలి కదా, ఇక్కడ హాల్‌ని అడగకుండానే పంపేశారా? డబ్బు ఇచ్చి కొనేయొచ్చు కదా, ఈ మార్పిడి గోల ఎందుకు?

బ్రూయిన్ బాబాయ్ (బోస్టన్)

మంచి ప్రశ్న అమ్మా / బాబూ, ఎవరైనా సరే. కాంట్రాక్ట్‌లో నో-ట్రేడ్ క్లాజ్ (ఒప్పుకోకుండా పంపకూడదన్న షరతు) లేకపోతే ఆటగాడిని అడగక్కర్లేదు. ఒక ఫోన్ వస్తుంది, మర్నాడు ఇంకో దేశంలో ప్రాక్టీస్. ఆ క్లాజ్ కూడా కుర్రవాళ్లకు ఉండదు. 27 ఏళ్లు నిండాలి, లేదా లీగ్‌లో ఏడు సీజన్లు ఆడి ఉండాలి. 24 ఏళ్ల స్టార్‌ని పంపడం సులువు, 30 ఏళ్ల సగటు ఆటగాడిని కదిలించడం కష్టం. చాలా తలకిందుల ట్రేడ్‌లకు మూలం ఇక్కడే ఉంది.

ఇక డబ్బు సంగతి. ఓనర్లు ఆట ఆపేసిన లాకౌట్‌లో 2004–05 సీజన్ మొత్తం కొట్టుకుపోయాక సాలరీ క్యాప్, అంటే ఒక టీమ్ జీతాల మొత్తానికి పరిమితి, వచ్చింది. మొదటి ఏడాది ఒక్కో టీమ్‌కి 39 మిలియన్లు. 2025–26కి అది 95.5 మిలియన్లు. ఎంత ధనవంతుడైన ఓనరైనా ఆ గీత దాటడానికి లేదు. కాబట్టి ఇక్కడ అసలు సరుకు క్యాప్‌లో ఖాళీ.

అందుకే మా జో థార్న్‌టన్ కథ చెప్పాలి. 2005 నవంబర్ 30న థార్న్‌టన్‌ని సాన్ హోసేకి పంపి మార్కో స్టర్మ్, బ్రాడ్ స్టువర్ట్, వేన్ ప్రిమోలని తెచ్చారు. టీమ్ వరసగా ఓడుతోంది, ఏదో ఒకటి చేయాలన్న కంగారు. అదే సీజన్‌లో థార్న్‌టన్ 125 పాయింట్లతో హార్ట్, ఎక్కువ పాయింట్లకిచ్చే ఆర్ట్ రాస్ రెండూ కొట్టాడు. సీజన్ మధ్యలో టీమ్ మారి ఆ సీజన్ హార్ట్ గెలవడమంటే మాటలు కాదు. మా జీఎం ఆ మార్చిలోనే ఇంటికెళ్లాడు.

కానీ కథ అక్కడ ఆగలేదు. మిగిలిన క్యాప్‌తో 2006 జులై 1న జ్డేనో చారా వచ్చాడు. అతనే కెప్టెన్‌గా 2011లో లీగ్ టైటిల్ అయిన స్టాన్లీ కప్ ఎత్తాడు. థార్న్‌టన్ లాంటి మహా ఆటగాడికి చివరిదాకా కప్ దక్కలేదు. దీన్నిబట్టి థార్న్‌టన్ ట్రేడ్ మంచిదని నేననను, అది దారుణమైన ట్రేడే. కానీ ట్రేడ్‌ని ఒక్కదాన్నే విడదీసి తూచకూడదు. దాని వల్ల వచ్చిన ఖాళీని ఎవరితో నింపారో కూడా చూడాలి. ఎడ్మంటన్ దాన్ని లూచిచ్‌తో నింపింది, మేం చారాతో నింపాం.

లీఫ్స్ గుండెకోత (టొరంటో)

బాబాయ్, అదే వేసవిలో మీరు మా దగ్గర కొట్టేసిన టూకా రాస్క్ సంగతి కూడా చెప్పాలి. 2006 జూన్ 24. మాకు గోలీ (గోల్‌కీపర్) వెంటనే కావాలి. 2004లో ఉత్తమ కొత్త ఆటగాడిగా కాల్డర్ ట్రోఫీ గెలిచిన ఆండ్రూ రేక్రాఫ్ట్ మీ దగ్గర దొరుకుతున్నాడు. మా దగ్గర ఇద్దరు కుర్ర గోలీలు, రాస్క్, జస్టిన్ పోగీ. పోగీని ఉంచుకుని రాస్క్‌ని ఇచ్చేశారు. పోగీ ఈ లీగ్‌లో ఆడింది మొత్తం 7 మ్యాచ్‌లు. రేక్రాఫ్ట్‌ని రెండేళ్లకే వదిలించుకున్నాం. రాస్క్ 2014లో ఉత్తమ గోలీకిచ్చే వెజినా గెలిచాడు.

2013 మే 13 అయితే ఇప్పటికీ తలచుకోలేను. బోస్టన్‌తో ప్లేఆఫ్స్ సిరీస్ ఏడో మ్యాచ్, చివరిదైన మూడో పీరియడ్‌లో మేం 4–1 ముందున్నాం. ఓవర్‌టైమ్‌లో 5–4తో ఓడిపోయాం. అటువైపు గోల్‌లో నిలబడింది రాస్క్.

గోలీల విషయంలో నా మాట ఒక్కటే. కుర్ర గోలీ పక్వానికి రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లు ఆగలేని మేనేజ్‌మెంట్ గోలీలని డ్రాఫ్ట్ చేయనే కూడదు.

మైల్‌హై తెలుగోడు (డెన్వర్)

ఒత్తిడి అన్నారు కాబట్టి లిండ్రోస్ ట్రేడ్ గురించి రాయకుండా ఉండలేను. 1991లో క్విబెక్ నార్డిక్స్ ఎరిక్ లిండ్రోస్‌ని మొదటి నంబర్‌గా తీసుకున్నారు. అతను ఆ టీమ్‌కి ఆడనని ఏడాది పాటు సంతకం పెట్టలేదు. మామూలుగా అయితే ఇలాంటప్పుడు అమ్మేవాడు చితికిపోతాడు. క్విబెక్ మాత్రం చితకలేదు. ఎందుకంటే కొనేవాళ్లు ఇద్దరు పోటీకొచ్చారు. న్యూయార్క్ రేంజర్స్, ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ ఇద్దరూ "మాకే అమ్మారు" అని వాదిస్తే, చివరికి మధ్యవర్తి తీర్పుతో 1992 జూన్ 30న ఫ్లయర్స్‌కి దక్కాడు.

దానికి బదులు వచ్చింది చదవండి: పీటర్ ఫోర్స్‌బర్గ్, మైక్ రిచీ, రాన్ హెక్స్‌టాల్, స్టీవ్ డ్యుషేన్, కెరీ హఫ్‌మన్, క్రిస్ సైమన్, రెండు మొదటి రౌండ్ పిక్‌లు, 15 మిలియన్ డాలర్లు. లిండ్రోస్ ఏమీ తక్కువ తినలేదు, 1995లో హార్ట్ గెలిచాడు. కానీ ఒక్కడి కోసం ఫ్లయర్స్ సగం టీమ్‌ని ఖాళీ చేసుకున్నారు.

నాకు ఇందులో బాగా నచ్చేది తర్వాతి లింక్. ఆ పిక్‌లలో ఒకదానితో 1993లో జోసెలిన్ తిబో అనే గోలీని తీసుకున్నారు. 1995 డిసెంబర్ 2న మాంట్రియల్‌లో కెనేడియన్స్ 11–1తో డెట్రాయిట్ చేతిలో ఓడారు. పాట్రిక్ ర్వా 9 గోల్స్ తిన్నా కోచ్ అతన్ని బయటకు పిలవలేదు. బెంచ్‌కి వచ్చాక ర్వా వెనక కూర్చున్న ప్రెసిడెంట్ దగ్గరకెళ్లి మాంట్రియల్‌కి ఇదే తన ఆఖరి మ్యాచ్ అని మొహం మీదే చెప్పేశాడు. నాలుగు రోజుల్లో అతన్నీ కెప్టెన్ మైక్ కీన్‌నీ కొలరాడోకి (అప్పటికే డెన్వర్‌కి మారిన ఆ క్విబెక్ టీమే) పంపేశారు. బదులుగా వెళ్లింది తిబో, కొవలెంకో, రుచిన్‌స్కీ. చరిత్రలోనే గొప్ప గోలీలలో ఒకరికి నాలుగు రోజుల్లో బేరం కుదుర్చుకోవడమేంటి! జూన్‌లో కప్ మాది, ఫ్లోరిడా మీద మూడో ఓవర్‌టైమ్‌లో 1–0. 2001లో మళ్లీ మాదే.

ఒక్క బాధ ఏంటంటే, ఇంత ఓపికగా టీమ్ కట్టిన క్విబెక్ ఊరివాళ్లకి ఆ కప్ దక్కలేదు. 1995 వేసవిలోనే టీమ్ డెన్వర్‌కి వచ్చేసింది. ఇక్కడ ఆనందపడే ప్రతిసారీ నాకు వాళ్లు గుర్తొస్తారు.

ఫ్లేమ్స్ కుర్రాడు (కాల్గరీ)

ఆయిల్‌కంట్రీ అన్నా, నీ సూత్రానికి మా ట్రేడ్ లొంగదు. 2022 జులైలో జానీ గోడ్రో కాంట్రాక్ట్ ముగిసి ఫ్రీ ఏజెంట్‌గా కొలంబస్ వెళ్లిపోయాడు, చేతికి ఒక్క పిక్ కూడా రాలేదు. వెంటనే మాథ్యూ కచక్ కూడా ఎక్కువ కాలానికి సంతకం పెట్టనన్నాడు. మెడ మీద కత్తి ఉన్నట్టే. అయినా జులై 22న ఫ్లోరిడా నుంచి మా జీఎం ఏం రాబట్టాడు? అంతకుముందు సీజన్‌లోనే 115 పాయింట్లు కొట్టిన హ్యూబర్డో, మొదటి డిఫెన్స్ జోడీలో ఆడగల వీగర్, ఇంకో కుర్రాడు, ఒక మొదటి రౌండ్ పిక్. ఆ వారం అందరూ కాల్గరీ గెలిచిందన్నారు, నేనూ మనస్ఫూర్తిగా అన్నాను. ఆ రోజున్న సమాచారంతో అది మంచి ట్రేడే అని ఇప్పటికీ అంటాను.

దెబ్బ తగిలింది ఆ తర్వాత. మా దగ్గర ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే హ్యూబర్డోకి ఏడాదికి 10.5 మిలియన్లు, ఎనిమిదేళ్లు రాసిచ్చారు. మొదటి సీజన్‌లో 55 పాయింట్లు. కచక్‌కి అటువైపు 9.5 మిలియన్లు, అదీ రాష్ట్ర ఆదాయపు పన్ను లేని ఫ్లోరిడాలో. 2023లో ఫైనల్, 2024లో కప్, 2025లో మళ్లీ కప్.

ఆయిల్‌కంట్రీ తెలుగు (ఎడ్మంటన్)

తమ్ముడూ, నీ మాట ఒప్పుకుంటా, కానీ సగమే. ట్రేడ్‌లో మీ జీఎం గట్టిగా నిలబడ్డాడు. కంగారంతా కాంట్రాక్ట్‌లో బయటపడింది. ఇద్దరు స్టార్లు పోయారు, మూడోవాడూ పోతాడేమో అన్న భయం ఆ ఎనిమిదేళ్లలో కనిపిస్తోంది.

2024, 2025 రెండు ఫైనల్స్‌లోనూ మమ్మల్ని ఓడించింది ఆ ఫ్లోరిడానే కాబట్టి వాళ్ల టీమ్ ఎలా తయారైందో శ్రద్ధగా చూశాను. గుస్తావ్ ఫోర్స్‌లింగ్‌ని 2021 జనవరిలో వేవర్స్ (టీమ్ వదిలేసిన ఆటగాళ్ల జాబితా) నుంచి ఉచితంగా తీసుకున్నారు. ఏ టీమ్ అయినా తీసుకోవచ్చు, ఇంకెవరూ తీసుకోలేదు. మోంటూర్‌కి ఒక మూడో రౌండ్ పిక్ ఇచ్చారు. శామ్ బెనెట్‌కి ఒక రెండో రౌండ్ పిక్, ఒక కుర్రాడు, అదీ కాల్గరీకే. అతను 2025 ప్లేఆఫ్స్‌లో 15 గోల్స్ కొట్టి, ప్లేఆఫ్స్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ తీసుకెళ్లాడు. బఫలో నుంచి రైన్‌హార్ట్‌కి ఒక మొదటి రౌండ్ పిక్, డెవన్ లీవై అనే కుర్ర గోలీ. 2024 ఏడో మ్యాచ్‌లో గెలుపు గోల్ రైన్‌హార్ట్‌దే, 2025 ఆరో మ్యాచ్‌లో వాళ్ల ఐదు గోల్స్‌లో నాలుగు అతనివే. వీళ్లలో ఎవరినీ గత్యంతరం లేక కొనలేదు. వేరే టీమ్‌లు విసిగిపోయిన రోజు కోసం కాచుకుని కూర్చున్నారు. కచక్ కోసం ఖర్చు పెట్టేనాటికి పక్కన నిలబడేవాళ్లంతా సిద్ధంగా ఉన్నారు.

సేబర్స్ ఆశ (బఫలో)

రైన్‌హార్ట్ పేరు విన్నప్పుడల్లా గుండె పిండేసినట్టుంటుంది. ఒక చిన్న మాట చేరుస్తాను. 2018లో రాయన్ ఓరైలీని సెయింట్ లూయిస్‌కి ఇచ్చాం. మరుసటి ఏడాదే వాళ్లకి కప్, అతనికి కాన్ స్మైత్. లీగ్ అంతా మమ్మల్ని చూసి జాలిపడింది. ఆ ట్రేడ్‌లో వచ్చిన టేజ్ థాంప్సన్ 2022–23లో 47 గోల్స్ కొట్టాడు. కాబట్టి తీర్పు చెప్పడానికి నాలుగైదేళ్లు ఆగండి.

ఫ్రిస్కో స్టార్ (డాలస్)

ఆగక్కర్లేని ట్రేడ్ మా దగ్గరుంది. 2025 జనవరి 24న కొలరాడో మిక్కో రాంటనెన్‌ని కరొలైనాకి పంపింది. బదులుగా మార్టిన్ నెచాస్, జాక్ డ్రూరీ, పిక్‌లు. రాంటనెన్ అక్కడ ఎక్కువ కాలానికి సంతకం పెట్టలేదు. మార్చి 7న స్టాంకోవెన్‌నీ రెండు మొదటి రౌండ్ పిక్‌లనీ ఇచ్చి మేం తెచ్చుకున్నాం. ఎనిమిదేళ్లు, ఏడాదికి 12 మిలియన్లు.

మే 3, మొదటి రౌండ్ ఏడో మ్యాచ్, ఎదురుగా కొలరాడోనే. మూడో పీరియడ్ మొదట్లో 2–0 వెనకపడ్డాం. అక్కడినుంచి రాంటనెన్ ఒక్కడే అదే పీరియడ్‌లో మూడు గోల్స్ కొట్టాడు. ఒకటి నెట్ వెనకనుంచి చుట్టి తిప్పి పెట్టాడు, మూడోది ఖాళీ నెట్‌లోకి. 4–2. పాత సహచరులు బెంచ్ మీద తలలు వంచుకుని కూర్చున్నారు.

మైల్‌హై తెలుగోడు (డెన్వర్)

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అయినా న్యాయంగా చెప్పాలంటే నెచాస్ బాగా ఆడుతున్నాడు, ఆ కుర్రాడంటే నాకిష్టం. నన్ను తినేస్తున్నది తేదీలు. జనవరి 24న ట్రేడ్. సరిగ్గా వారానికి, జనవరి 31న, రాబోయే మూడు సీజన్లకు క్యాప్ 95.5, 104, 113.5 మిలియన్లకు పెరుగుతుందని లీగ్ ప్రకటించింది. పెరుగుతుందని ముందునుంచీ అందరికీ తెలుసు, ఎంతన్నదే తేలాలి. ఇంకొక్క వారం ఆగి ఉంటే రాంటనెన్ ముందు పెట్టే కాగితం మీద ఇంకో అంకె రాసే వీలుండేది. 2025 అక్టోబర్‌లో నెచాస్‌కి ఎనిమిదేళ్లకు ఏడాదికి 11.5 మిలియన్లు ఇచ్చారు. డాలస్ రాంటనెన్‌కి ఇస్తున్నదానికీ దీనికీ తేడా అర మిలియన్.