1.2 పెట్రోలా, 1.0 టర్బోనా, 1.5 డీజిలా? మైలేజీ, పికప్, మెయింటెనెన్స్ లెక్కలు

ప్రశ్న: గేర్‌నాబ్
ఒకే కారు మూడు ఇంజిన్లతో వస్తోంది. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో ఊదే పరికరం) లేని 1.2 లీటర్ల పెట్రోల్ (83 హార్స్‌పవర్, 115 న్యూటన్ మీటర్ల టార్క్), 1.0 టర్బో పెట్రోల్ (120, 172), 1.5 డీజిల్ (115, 250). వాడకం: రోజూ ఊళ్లో పోను 7 కి.మీ., రాను 7 కి.మీ. నెలకు ఒకటి రెండుసార్లు నలుగురితో, సామానుతో హైవే, చివర్లో ఘాట్ రోడ్డు. కాగితం మీద మైలేజీ డీజిల్‌కే ఎక్కువ, పెట్రోళ్లు రెండూ దాదాపు సమానం. పవర్ చూస్తే టర్బో, డీజిల్ ఒకటిలాగే ఉన్నాయి. మరి దేన్ని చూసి తేల్చుకోవాలి?

మూడోగేరు
ముందు హార్స్‌పవర్ అంకె పక్కన పెట్టండి. పెట్రోల్‌లో అది 5500–6000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరి లెక్క, రోజువారీ నడకలో అంతదాకా ఎవరూ పోరు. మనం తిరిగేది 1500–2500 మధ్య. టార్క్‌ను, అంటే ఇంజిన్ తిప్పే బలాన్ని, ఆర్‌పీఎంతో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 1.2లో ఆ 115 వచ్చేది 4000 పైన. 2000 దగ్గర 100 అనుకుంటే 21 కిలోవాట్లు. అదే 2000 దగ్గర టర్బోకు 36, డీజిల్‌కు 52. కాగితం మీద ఒకటిలా కనిపించిన రెండింటి మధ్య తేడా ఇదీ.

ఇక ఘాట్. మనుషులు, సామానుతో కలిపి 1400 కిలోలున్న కారు 7 శాతం ఎత్తును గంటకు 50 కి.మీ. వేగంతో ఎక్కాలంటే ఆ బరువును పైకి లాగడానికే 13 కిలోవాట్లు దాటుతుంది. టైర్ల రాపిడి, గాలి కలిపితే చక్రాల దగ్గర 17 కావాలి. గేర్‌బాక్సులో పోయేది అదనం. అంటే 2000 దగ్గర 1.2 ఆ వేగాన్ని నిలబెట్టుకుంటుంది కానీ, ముందున్న లారీని దాటడానికి చేతిలో ఏమీ మిగలదు. గేరు దించి 3500కు తెస్తే 40 కిలోవాట్లు వస్తాయి, హాయిగా ఎక్కుతుంది. మోత పెరుగుతుంది, అంతే. ఇంజిన్‌కు నష్టం లేదు. పై గేరులోనే పెట్టి గుంజితేనే దానికి కష్టం.

రెంచి
డీజిల్ అంటే నాకు ఇష్టమే, అయినా ఈ వాడకానికి వద్దంటాను. కారణం సైలెన్సర్ దారిలో ఉండే డీపీఎఫ్, అంటే మసి పట్టే ఫిల్టర్. అది నిండినప్పుడు ఇంజినే అదనంగా డీజిల్ చల్లి, పొగ వేడిని 600 డిగ్రీల దరిదాపులకు తెచ్చి మసిని కాలుస్తుంది. ఆ పని పూర్తవడానికి 15–20 నిమిషాలు ఆగకుండా నడవాలి. 7 కి.మీ. లో ఇంజిన్ సరిగ్గా వేడెక్కేలోపే బండి ఆపేస్తారు. సగంలో ఆగిన ప్రతిసారీ ఆ అదనపు డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల మీదుగా ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతూ కనిపిస్తే అదే సంగతి. పల్చబడిన ఆయిల్‌తో బేరింగులు, టర్బో అరుగుతాయి. మట్టం పై గీత దాటితే, గడువు రాకపోయినా మార్చేయాల్సిందే.

‘నెలకోసారి హైవే ఎక్కిస్తే సరిపోతుంది’ అంటారు. కొంత నిజమే, ఎక్కువ లోడు మీద మసి దానంతటదే కొంత కాలుతుంది. కానీ ఫిల్టర్ నిండేది మీ ప్రయాణాల తేదీ చూసుకుని కాదు. ఊళ్లో తిరుగుతుండగా ఐడిల్ (బండి ఆగి ఉన్నప్పటి ఇంజిన్ ఆర్‌పీఎం) 800 నుంచి 1000కి పెరిగినా, ఆపాక ఫ్యాన్ గట్టిగా తిరుగుతున్నా, కాలిన వాసన వచ్చినా శుభ్రం చేసుకుంటోందని అర్థం. అప్పుడు ఇంకో 15 నిమిషాలు తిప్పి రావాలి.

ఇంకొకటి, లీటరు డీజిల్‌లో లీటరు పెట్రోల్ కన్నా సుమారు 10 శాతం ఎక్కువ శక్తి ఉంటుంది. మైలేజీ తేడాలో ఆ భాగం ఇంజిన్ గొప్పతనం కాదు. లీటరుకు ఎన్ని కిలోమీటర్లని కాకుండా కిలోమీటరుకు ఎంత ఖర్చని పోల్చండి.

స్పార్క్‌ప్లగ్
నా ఓటు టర్బోకే, కానీ కొన్ని షరతులున్నాయి. మెల్లగా తొక్కితే చిన్న ఇంజిన్ పొదుపుగా ఉంటుంది, ఎందుకంటే అదే పనికి థ్రాటిల్ (గాలి లోపలికి వెళ్లే ద్వారం) ఎక్కువ తెరుచుకుంటుంది, గాలి పీల్చే శ్రమ తగ్గుతుంది. గట్టిగా తొక్కితే లెక్క తిరగబడుతుంది. నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి మండడం) రాకుండా ఇంజిన్ స్పార్క్‌ను వెనక్కి జరుపుతుంది, వేడి తగ్గించడానికి పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. 80–90లో పోయేవారికి బాగుంటుంది, ఎప్పుడూ 120 మీద పోయేవారికి 1.2 మీద పెద్ద లాభం ఉండదు.

1500 కింద టర్బో ఇంకా ఊదదు, అక్కడ అది వట్టి 1.0 ఇంజినే. పై గేరులో 1500 దగ్గర యాక్సిలరేటర్ అడుగంటా తొక్కకండి. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోల్లో స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకుని పిస్టన్ పగిలే ప్రమాదం సరిగ్గా అక్కడే ఉంది. అందుకే ఆయిల్ డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ (ఆయిల్ నాణ్యతా ప్రమాణం) అని చూసి, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడే పోయించండి. నేరుగా సిలిండర్లోనే పెట్రోల్ చల్లే ఇంజిన్లలో ఇన్‌టేక్ వాల్వుల మీద కార్బన్ పేరుకుంటుంది, కడగడానికి అక్కడ పెట్రోల్ పారదు కదా. పోర్ట్ ఇంజెక్షన్ (వాల్వుల ముందే పెట్రోల్ చల్లే పద్ధతి) ఉన్న 1.2కు ఆ బాధ లేదు.

గేర్‌నాబ్
డీజిల్ పక్కన పెట్టేశానండి. టెస్ట్ డ్రైవ్‌లో పెట్రోళ్లు రెండింటినీ ఎలా పోల్చాలి?

రెంచి
ఒక్కరే వెళ్లకండి, నలుగురూ ఎక్కండి, ఏసీ వేయండి. స్పీడ్ బ్రేకర్ దాటాక రెండో గేరులోనే మెల్లగా తొక్కండి, కుదుపు లేకుండా లాగుతోందా చూడండి. టర్బో వెనకబడేది సాధారణంగా ఇక్కడే. ఆ తర్వాత ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో 40 నుంచి 80కి ఎంతసేపు పడుతుందో పక్కనున్నవారిని లెక్కపెట్టమనండి. ఓవర్‌టేక్‌కు పనికొచ్చేది ఈ అంకె, 0–100 కాదు. ఇంజిన్ వాల్వులను నడిపేది టైమింగ్ చెయినా, బెల్టా అనేది కూడా అడగండి. ఆయిల్‌లో తడుస్తూ తిరిగే బెల్టయితే, తప్పుడు ఆయిల్ పోసినప్పుడు దాని రజను ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడి ప్రెజర్ పడిపోతుంది.

మూడోగేరు
కొన్నాక మైలేజీని డిస్‌ప్లే చూసి నమ్మకండి. నాజిల్ మొదటిసారి ఆగేదాకా ట్యాంకు నింపి, ట్రిప్ మీటర్ సున్నా చేయండి. మళ్లీ అదే పంపులో అలాగే నింపి కిలోమీటర్లను లీటర్లతో భాగించండి. మూడు నాలుగు ట్యాంకుల సగటు తీస్తేనే నింపడంలో వచ్చే తేడా సర్దుకుంటుంది.