సంక్రాంతి సకినాలు ఇంట్లోనే పోయాలా, కొని పంపితే తప్పా?

హన్మకొండ ఆడబిడ్డ:
మా అన్న కూతురికి ఈ ఏడే పెళ్లయింది. వచ్చే సంక్రాంతి ఆ పిల్లకు అత్తగారింట మొదటి పండుగ కాబట్టి, మన వైపు ఆనవాయితీ ప్రకారం వియ్యాలవారికి సకినాలు పంపాలి. వాటిని వాళ్లు తమ చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ పంచుకుంటారు. కుంచెడు బియ్యం కన్నా తక్కువ పోస్తే అందరికీ అందవని మా అమ్మ అంటున్నది. ఆమెకు డెబ్బై ఏళ్లు, మోకాళ్లు మడిచి కూర్చోలేదు. మా వదినె బడిలో పాఠాలు చెప్పి ఇల్లు చేరేసరికి పొద్దుగూకుతుంది. అందుకే ఈసారి దుకాణంలో కొందామని అన్న అన్నాడు. ఆ మాట విన్న అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. "పైసలు పెట్టి కొన్నయి పంపుతె, పిల్ల ఎనుక మనం లేనట్టే గదా" అన్నది. నా మనసు అమ్మ వైపే ఉన్నది, కానీ ఆ పని భారమంతా ఎవరి నడుము మీద పడుతుందో తెలిసి ఆ మాట గట్టిగా అనలేకపోతున్నాను. మీ ఇళ్లలో ఏం చేస్తున్నారో చెప్పండి.

జమ్మికుంట పంతులు:
చెల్లెమ్మా, మీ అమ్మగారి బాధలో న్యాయం ఉన్నది. మురుకులో గరిజెలో అయితే ఒక మనిషి ఒక్కతే కూర్చుని చేసుకోవచ్చు, కానీ సకినం ఒంటిచేతి అప్పం కాదు. రాత్రంతా నానిన కొత్త బియ్యాన్ని వడగట్టి, తడి మీదనే గిర్నిలో పట్టించి, జల్లించి, నువ్వులు, ఓమ, ఉప్పు వేసి తడిపిన పిండి ఆరిపోకముందే చుట్టడం ముగియాలి. పరిచిన బట్ట మీద వేళ్ల మధ్య పిండిని మెలిపెడుతూ చుట్టు మీద చుట్టు తిప్పాలి. బట్ట తడిని పీల్చుకుని సకినం గట్టిపడ్డాకనే విరగకుండా లేపి నూనెలో కాల్చాలి. ఇన్ని చేతులు ఒక్క ఇంట్లో ఉండవు కాబట్టే, నాట్లప్పుడు ఒకరి పొలానికి ఒకరు బదులు పోయినట్టు, ఇవాళ మా ఇంటికి మీరు, రేపు మీ ఇంటికి మేము అన్న పద్ధతి ఏర్పడింది.

మా చిన్నతనంలో బట్ట నడుమ ముందుగా పిండితో గౌరమ్మను చేసి పెట్టి, ఆ తర్వాతనే చుట్టడం మొదలుపెట్టేవారు. గెట్టు పంచాయితితో రెండేళ్లు మాటల్లేని మా చిన్నమ్మ, పక్కింటి పెద్దమ్మ ఆ బట్టకు చెరో పక్క కూర్చున్న రోజు నాకు ఇప్పటికీ గుర్తున్నది. మొదట వాళ్లు మాట్లాడుకోలేదు. పిండిలో నీళ్లు ఎక్కువయ్యాయని ఒకరు అంటే అవునని ఇంకొకరు అన్నారు, అంతే. కొన్న పొట్లం అటువంటి రోజును తెచ్చిపెట్టదు.

సిరిసిల్ల కోడలు:
పంతులు గారూ, నొప్పించాలని కాదు, నిజంగానే అడుగుతున్నాను: ఆ బట్ట మీద మీరు ఎన్ని సకినాలు చుట్టారు? మీరు చూసినది నిజమే. అదే బట్ట దగ్గర పొద్దున కూర్చున్న ఆడవాళ్లు రాత్రి కడాయి దగ్గరి నుంచి లేచేసరికి నడుము పట్టుకుని లేచేవారు, వాళ్లకు ఆ రోజు వేడి బువ్వ వండిపెట్టేవారు లేరు.

ఇంకో మాట కూడా చెప్పాలి. నా మొదటి పండుగకు మా బాపు అప్పు చేసి నువ్వులూ నూనే తెచ్చాడు, మా అవ్వ మూడు రోజులు కూర్చుని పోసి పంపింది. అత్తగారింట్లో గంప దించగానే ఒక పెద్దామె సకినం విరిచి చూసి, గట్టిగా ఉన్నదన్నది. ఇంకొకరు ఇంటింటికి ఎన్ని వస్తాయో లెక్కపెట్టారు. ఆ మాటలు మా అవ్వ దాకా పోకుండా నేను చాలా ఏళ్లు దాచాను. తిండి మనుషులను కలుపుతుందని అందరం అంటాం, నేనూ అంటాను, కానీ ఈ గంప ఎప్పుడూ పిల్లనిచ్చిన ఇంటి నుంచే బయలుదేరుతుంది, అటు నుంచి రాదు. ఇంట్లో పోసినవా, కొన్నవా అన్నది నాకు రెండో ప్రశ్న. ఎంత పంపాలో, ఎందుకు పంపాలో ముందు మాట్లాడుకోవాలి. మీ వదినె గారిని ఎవరైనా అడిగారా?

దోహాలో మెట్‌పల్లి బిడ్డ:
మా గదిలో ఎనిమిది మందిమి ఉంటాం. ఊరి నుంచి వచ్చేవాళ్ల పెట్టెలో సకినాలు సగం విరిగే వస్తాయి, ముక్కలనే పంచుకుంటాం. ఎవరు పోశారని ఎవరూ అడగరు. అయినా మా అవ్వ సకినాన్ని నేను గుర్తుపడతాను, ఆమె లోపలి చుట్టును బాగా బిగిస్తుంది.

పరకాల అప్పాల అక్క:
నేను ఆర్డర్ల మీద సకినాలు పోసి అమ్ముతాను. కొన్నవి అంటే చేతులు తగలనివి అన్నట్టు ఇక్కడ మాట్లాడుతున్నందుకు రాస్తున్నాను. మురుకుల గొట్టంలో ఒత్తితే పిండి తీగలాగా దిగుతుంది గానీ సకినానికి ఉండే మెలిక రాదు, అందువల్ల దుకాణంలో దొరికే సకినాల వెనుక కూడా ఎవరో ఒక ఆడమనిషి బొటనవేలూ చూపుడువేలూ ఉంటాయి. మా దగ్గర ఆరుగురం కూర్చుంటాం. ఇద్దరికి భర్తలు లేరు, ఒకామె ఇంటాయన మగ్గం పనికి భీవండి పోయి అక్కడే ఉంటున్నాడు. పండుగ నెలలో వచ్చే కూలి వాళ్ల పిల్లల ఫీజులకు పోతుంది. ఇంట్లో తల్లి దగ్గర నేర్చుకోని ఇద్దరు చిన్న పిల్లలు మా బట్ట దగ్గరనే చుట్టడం నేర్చుకున్నారు, ఇప్పుడు నాకన్నా సన్నగా చుడతారు. సకినం మన వారసత్వమని గొప్పగా చెప్పేవాళ్లే కిలో మీద పది రూపాయలు తగ్గించమని బేరమాడుతుంటే మనసు కష్టపడుతుంది.

అయితే పంతులు గారి మాటలో ఒకటి ఒప్పుకుంటాను. మేము పోసేది ఎవరి బిడ్డ కోసమో మాకు తెలియదు. అందుకే రెండేళ్లుగా కొందరు మమ్మల్నే ఇంటికి పిలుచుకుంటున్నారు: పిండి, నూనె వాళ్లవి, రోజు కూలి మాకు, ఇంటివాళ్లు కూడా మా పక్కన కూర్చుని చేతనైనంత చుడతారు. హన్మకొండ చెల్లె ఈ దారి చూడవచ్చు.

హన్మకొండ ఆడబిడ్డ:
ఇవన్నీ రాత్రి అమ్మకు చదివి వినిపించాను. సిరిసిల్ల అక్క మాటల దగ్గర ఆమె చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత తన మొదటి పండుగ గంప గురించి నాకు ఎన్నడూ చెప్పని సంగతి ఒకటి చెప్పింది. అది ఇక్కడ రాయను. వదినెను అడిగాం. కుంచెడు వద్దు, రెండు మానికలు చాలు, తన కూతురి సకినాలు తానే చుట్టాలని ఉన్నది గానీ ఒంటరిగా కాదు అన్నది. రెండో శనివారం పరకాల నుంచి ఇద్దరిని పిలుస్తున్నాం, కూలి ముందే మాట్లాడుకున్నాం. బియ్యం నానబెట్టి గిర్నికి తీసుకుపోవడం, కడాయి దగ్గర కూర్చోవడం, ఆ పూట వంట మా అన్న పనులు. వియ్యపురాలిని కూడా వచ్చి కూర్చొమ్మని పిలవాలని నేను అంటే అమ్మ మొదట వద్దన్నది, పొద్దున లేచి తానే ఫోను చేసింది. ఆమె వస్తానన్నది.

ఇంట్లో పాత ధోవతి ఒక్కటే ఉన్నది. రెండు మానికల పిండికి ఎన్ని బట్టలు పరచాలో, పంతులు గారూ, మీ ఇంట్లో ఆడవాళ్లను అడిగి చెప్పగలరా?