వేడి ఇంజన్ మళ్లీ స్టార్ట్ కాకపోతే ముందు సెన్సర్లు మార్చాలా, ఇంధన పీడనం కొలవాలా?

పాతబండి:
నా కారు వయసు పాతికేళ్లు దాటింది. ఒక్కో సిలిండర్‌కు పెట్రోల్ చిమ్మే ఒక్కో ఇంజెక్టర్, వాటికి పెట్రోల్ పంచే గొట్టం (ఫ్యూయల్ రైల్) నుంచి మిగిలింది ట్యాంకుకు వెళ్లే రిటర్న్ గొట్టం ఉన్న పాత అమరిక. ఉదయం చల్లగా ఉన్నప్పుడు తాళం తిప్పిన వెంటనే ఇంజన్ అందుకుంటుంది. గంటసేపు నడిపి ఆపాక రెండు మూడు నిమిషాల్లో మళ్లీ తిప్పినా ఇబ్బంది ఉండదు. కానీ ఇరవై నిమిషాల నుంచి ముప్పావు గంట మధ్యలో తిప్పితే మాత్రం, సెల్ఫ్ బలంగానే తిరుగుతున్నా పది పన్నెండు సెకన్ల దాకా ఇంజన్ అందుకోదు, అందుకున్నాక కూడా కాసేపు తడబడుతుంది. మూడు గంటలు ఆగితే అంతా మామూలే. మెకానిక్ చెప్పగా కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ మార్చాను, ఏమీ తేడా రాలేదు. ఇప్పుడు క్రాంక్ సెన్సర్ మార్చమంటున్నారు. ఇలా ఒక్కో భాగం మార్చుకుంటూ పోవడం సరైన పద్ధతేనా, లేక ముందు ఫ్యూయల్ ప్రెషర్ కొలవాలా? రెండు వాదనలూ వినాలని ఉంది.

స్పానర్:
మీ మెకానిక్ సలహాను నేను తప్పుపట్టను. ఇంత వయసున్న కారులో, ఇంజన్ తిరుగుడును పసిగట్టే క్రాంక్ సెన్సర్ లోపలి తీగచుట్టలో సన్నని పగులు ఉంటే, చల్లగా ఉన్నంతసేపు కలిసే ఉండి, వేడికి విడిపోతుంది. అప్పుడు కంప్యూటర్‌కు ఇంజన్ తిరుగుతున్న సంగతే తెలియదు కనుక స్పార్కూ ఇవ్వదు, పెట్రోలూ చిమ్మదు. చల్లారాక మీటర్ పెట్టి కొలిస్తే నిరోధం సరిగ్గానే కనిపిస్తుంది. పట్టుకోబోతే మాయమయ్యే లోపం ఇది. అలాంటప్పుడు ఎలాగూ ఆయుష్షు తీరిన భాగాన్ని ముందే మార్చేయడం అశాస్త్రీయమేమీ కాదు. పైగా ఒత్తిడిలో ఉన్న పెట్రోల్ లైను వేడి ఇంజన్ మీద విప్పడం అలవాటు లేనివారు చేయదగ్గ పని కాదు.

గేజీ:
భద్రత గురించి స్పానర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. అందుకే పీడనం కొలిచే గేజీని ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, పీడనం వదిలించి, T ఆకారపు ముక్కతో లైనులో బిగించుకోవాలి, మంటలార్పే సిలిండర్ పక్కనే ఉంచుకోవాలి. అయితే "ముందే మార్చేయడం" అన్న మాటతో నేను ఏకీభవించలేను. ఎందుకంటే ఈ కారు తన లోపమేమిటో వేళల రూపంలో ఇప్పటికే చెబుతోంది, మనం దాన్ని వినకుండా భాగాల జాబితా తిరగేస్తున్నాం.

ఒక్కసారి ఆలోచించండి. ఆపిన రెండు నిమిషాలకూ ఇరవై నిమిషాలకూ మధ్య కూలెంట్ వేడిలో పెద్ద తేడా ఉండదు. కూలెంట్ సెన్సర్ వేడిలో తప్పు చెబుతూ, ఇంజన్ ఇంకా చల్లగానే ఉందని కంప్యూటర్‌ను నమ్మిస్తుంటే, రెండు నిమిషాలకు కూడా పెట్రోల్ ముంచెత్తి స్టార్ట్ కష్టమయ్యేది, నడిచేటప్పుడు నల్లపొగ కనిపించేది. బాష్ తరహా సెన్సర్లలో నిరోధం 20 డిగ్రీల వద్ద దాదాపు 2500 ఓములు, 80 డిగ్రీల వద్ద 300 ఓములకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. విప్పకుండానే రెండు నిమిషాల్లో తేల్చుకోగలిగిన విషయానికి కొత్త సెన్సర్ కొనిపించారు.

ఆ ఇరవై నిమిషాల్లో నిజంగా మారేది బానెట్ కింది వేడి. ఇంజన్ ఆగగానే కూలెంట్ ప్రవాహమూ గాలీ ఆగిపోతాయి, కానీ సిలిండర్ బ్లాకులోనూ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లోనూ నిలవున్న వేడి మెల్లగా పైకెక్కి ఫ్యూయల్ రైల్‌ను కాల్చడం మొదలుపెడుతుంది. పెట్రోల్ ఒకే పదార్థం కాదు, ఎన్నో హైడ్రోకార్బన్ల మిశ్రమం. మామూలు వాతావరణ పీడనంలో అందులోని తేలిక భాగాలు 35 నుంచి 40 డిగ్రీల వద్దే మరగడం మొదలుపెడతాయి. రైల్‌లో రెండున్నర, మూడు బార్ల పీడనం నిలిచి ఉంటే ఆ మరుగు ఆగుతుంది. పెట్రోల్ వెనక్కి పోకుండా ఆపే పంపులోని చెక్ వాల్వో, రైల్ పీడనాన్ని అదుపుచేసే రెగ్యులేటరో, ఇంజెక్టరో కారి పీడనం పడిపోతే రైల్ నిండా ఆవిరి చేరుతుంది. ఇంజెక్టర్ తెరుచుకున్న ఆ కొద్ది మిల్లీసెకన్లలో ద్రవం బదులు ఆవిరి బుడగలు వస్తాయి. ఇంజన్ వేడిగా ఉందని కంప్యూటర్ పెట్రోల్‌ను తక్కువే చిమ్మిస్తుంది కనుక ఆ లోటును పూడ్చేదేమీ ఉండదు. ఉదయం పూట కూడా రైల్‌లో పీడనం ఉండకపోవచ్చు, కానీ అప్పుడు మరిగే వేడి లేదు, పైగా చల్లని ఇంజన్‌కిచ్చే అదనపు పెట్రోల్ ఆ లోపాన్ని కప్పేస్తుంది. వేడి ఇంజన్ ఇబ్బంది పెడుతుందన్న భయంతోనే కొన్ని తయారీ సంస్థలు, ఆ వేళ రెగ్యులేటర్‌కు వాక్యూమ్ ఆపి పీడనం పెంచే చిన్న సోలనాయిడ్ వాల్వును కూడా అమర్చాయి. అలాంటిది మీ కారులో ఉందేమో చూసుకోండి.

స్పానర్:
వేళల తర్కం బాగుంది, కూలెంట్ సెన్సర్ విషయంలో నేను వెనక్కి తగ్గుతున్నాను. కానీ అదే తర్కం క్రాంక్ సెన్సర్‌ను తప్పించదు. బ్లాకుకు అంటిపెట్టుకుని ఉండే ఆ సెన్సర్ కూడా ఆపిన తర్వాతే ఎక్కువ కాగుతుంది కదా. ఇక పీడనం పడిపోయినంత మాత్రాన అదే దోషమని చెప్పలేం. గేజీ ముల్లు మెల్లగా దిగుతున్నా వేడిలో హాయిగా స్టార్ట్ అయ్యే పాత కార్లను నేను చాలానే చూశాను. గేజీ చూసి పంపు మార్చడం కూడా ఒక ఊహే కాదా?

గేజీ:
మీ ఆక్షేపణ న్యాయమైనది. ముల్లు దిగడం ఒక్కటే రుజువు కాదు, స్టార్ట్ కాని ఆ నిమిషంలోనే ఇంజన్‌ను అడగాలి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు కాస్తయినా కదిలితే, చాలా కార్లలో క్రాంక్ సంకేతం వస్తున్నట్టే. కదలకపోతే మీరన్నదే నిజం కావచ్చు, అప్పుడు స్పార్క్ కూడా చూడాలి. అయితే సంకేతం లేక ఆగిన ఇంజన్ సంకేతం రాగానే శుభ్రంగా నడుస్తుంది. ఇక్కడ అందుకున్నాక కూడా తడబడుతోందంటే నాకు ఇంధనం మీదే అనుమానం.

ఆ తర్వాత తాళాన్ని ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా మళ్లీ ఆఫ్ చేస్తూ మూడుసార్లు పంపును తిరగనివ్వండి. అలా చేస్తే వెంటనే అందుకుంటే రైల్‌లో ఆవిరి ఉన్నట్టు. అలా చేశాక ఇంకా మొండికేసి, పెట్రోల్ వాసన వచ్చి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితేనే అందుకుంటే, ఇంజెక్టర్ కారి సిలిండర్‌లో పెట్రోల్ ఎక్కువైనట్టు. రెంటిలోనూ గేజీ ముల్లు ఒకేలా దిగుతుంది, వైద్యం మాత్రం పూర్తిగా వేరు. మీరు ఊహ అన్నది ఇక్కడే తప్పుతుంది. 1970లలో వచ్చిన బాష్ ఎల్-జెట్రానిక్ వంటి పాత ఇంజెక్షన్ అమరికలలో సెల్ఫ్ తిరిగితే గానీ, ఇంజన్‌లోకి పోయే గాలిని కొలిచే రెక్క కదిలితే గానీ పంపు నడవదు, కనుక వాటికి ఈ తాళం పరీక్ష పనికిరాదు, రిలే దగ్గర పంపును విడిగా నడిపించుకోవాలి.

చివరగా లీకు ఎక్కడుందో పట్టాలి. పంపును ఒకసారి నడిపి ఆపాక, రబ్బరు రిటర్న్ గొట్టాన్ని బిగించి పట్టినప్పుడు పీడనం నిలిస్తే దోషం రెగ్యులేటర్‌ది. సరఫరా గొట్టాన్ని పట్టినప్పుడు నిలిస్తే పంపు చెక్ వాల్వ్‌ది. రెండూ పట్టినా దిగుతుంటే ఇంజెక్టర్లవైపు చూడాలి. ప్లాస్టిక్ గొట్టాలను ఇలా నొక్కితే పగులుతాయి, వాటి జోలికి పోవద్దు.

పాతబండి:
ఇద్దరూ చెప్పినవన్నీ నిన్న చేసి చూశాను. ఇంజన్ ఆపగానే 2.5 బార్లు ఉంది. పది నిమిషాలకే అర బార్ కన్నా కిందికి దిగిపోయింది. పాతిక నిమిషాలకు సెల్ఫ్ కొడితే ఆర్‌పీఎం ముల్లు కదిలింది, ఇంజన్ మాత్రం అందుకోలేదు. మూడుసార్లు తాళం ఆన్ చేసి తిప్పితే వెంటనే అందుకుంది, పెట్రోల్ వాసన లేదు. రిటర్న్ గొట్టం పట్టినా ముల్లు దిగింది. సరఫరా గొట్టం పట్టినప్పుడు ఆగడమే కాదు, రైల్ వేడెక్కే కొద్దీ కొంచెం పైకి కూడా వెళ్లింది. అయితే నా సందేహం ఇంకొకటి: చెక్ వాల్వ్ ఒక్కటే మారిస్తే సరిపోతుందా, పంపే మార్చాలా?

స్పానర్:
ముల్లు కదిలిందంటే క్రాంక్ సెన్సర్ మార్చమన్న నా సలహాను ఉపసంహరించుకుంటున్నాను. పంపు విషయంలో మాత్రం, అంత వయసున్నదాన్ని విప్పాక మళ్లీ అదే బిగించడం నాకు నచ్చదు.

గేజీ:
అది కూడా కొలిచే తేల్చుకోవచ్చు. రిటర్న్ గొట్టాన్ని కొలత గుర్తులున్న పాత్రలోకి పెట్టి ముప్పై సెకన్లు పంపు నడిపి, వచ్చిన పెట్రోల్‌ను మీ కారు సర్వీస్ మాన్యువల్‌లోని అంకెతో పోల్చండి. సరిపోయి, వాల్వ్ విడిగా మరబిగింపుతో ఉన్న రకమైతే వాల్వ్ ఒక్కటే మార్చండి. ప్రవాహం తక్కువగా ఉన్నా, వాల్వ్ పంపు లోపలే కలిసి ఉన్నా, స్పానర్ గారి మాటే పాటించండి.