బొగ్గు కేంద్రం పక్కన ఉండి నికర శూన్యం గురించి అడగవచ్చా?

ముత్తుకూరు వాసి: మా డాబా ఎక్కితే నేలటూరు థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. అక్కడ 800 మెగావాట్ల యూనిట్లు మూడు ఉండగా, 2070 నాటికి నికర శూన్య ఉద్గారాలు (అంటే గాలిలోకి వదిలే వేడి వాయువులు, తిరిగి తొలగించేవి సమానం కావడం) సాధిస్తామని 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో మన దేశం ఇచ్చిన మాట ఎలా నెరవేరుతుందండీ?

కావలి వాసి: అవి సూపర్ క్రిటికల్ (చాలా ఎక్కువ ఒత్తిడి, వేడితో ఆవిరి పుట్టించే) యూనిట్లు కనుక పాత రకం కంటే తక్కువ బొగ్గుతో అంతే కరెంటు ఇస్తాయి. ఉద్గారం తగ్గుతుందే తప్ప ఆగదు.

ఒంగోలు గృహిణి: 2024లో మొదలైన సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్ల సోలార్ పలకలకు 78,000 రూపాయల రాయితీ వస్తుంది. మేము పెట్టించుకున్నాం, మిట్టమధ్యాహ్నం మా కరెంటు గ్రిడ్డుకు పోతున్నట్టు మీటరులో చూస్తుంటే ఎంతో తృప్తిగా ఉంటుంది. అద్దె ఇళ్లవారికి కూడా ఏదో ఒక దారి చూపాలి.

కోవూరు రైతు: వరి మడిలో నీరు నిలిస్తే భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు పుడుతుంది. మడిని మధ్యమధ్య ఆరనిచ్చి తడి పెట్టే రైతుకు ప్రభుత్వం ప్రోత్సాహకం ఇవ్వాలని నా గట్టి కోరిక.