కాలియా కేసును హేగ్‌కు తీసుకెళ్లాలా?

విశ్రాంత సుబేదారు, చిత్తూరు:
1999 మేలో కార్గిల్ దగ్గరి కాక్సర్ ప్రాంతంలో గస్తీకి వెళ్లిన మన సైన్యాధికారి సౌరభ్ కాలియా, ఆయన బెటాలియన్ 4 జాట్‌కు చెందిన ఐదుగురు సిపాయిలు పాకిస్తాన్ సేనకు పట్టుబడ్డారు. జూన్ 9న మృతదేహాలు అప్పగించారు. చిత్రహింసల గుర్తులు ఉన్నాయని మన సైన్యం చెప్పింది, పాకిస్తాన్ కాదంది. యుద్ధంలో చావుకు సిద్ధపడే మేం యూనిఫాం వేసుకుంటాం. చేతిలో ఆయుధం లేని బందీని చిత్రవధ చేయడం యుద్ధం కాదు. 1949 జెనీవా ఒప్పందం అందుకే పుట్టింది. కాలియా తండ్రి 2012లో సుప్రీంకోర్టు తలుపు తట్టారు. ప్రభుత్వం హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి ఎందుకు వెళ్లదు? అర్జున్ రామ్, భన్వర్ లాల్, భికా రామ్, మూలా రామ్, నరేశ్ సింగ్... ఈ పేర్లను ఎవరూ తలచుకోరు, అదీ నా బాధ.

న్యాయ విద్యార్థిని, తిరుపతి:
సుబేదారు గారూ, మీ బాధతో నాకు పేచీ లేదు, మీరు చూపే దారితోనే. ఆ న్యాయస్థానం విచారించాలంటే రెండు దేశాలూ ఒప్పుకోవాలి. పాకిస్తాన్ కూడా ఉన్న కామన్వెల్త్ కూటమి దేశాలతో తగాదాలకు దాని విచారణ పరిధి వర్తించదని 1974లో మనమే ప్రకటించాం. 1999 ఆగస్టులో తమ నౌకాదళ విమానాన్ని భారత్ కూల్చిందని పాకిస్తాన్ దావా వేస్తే ఆ మినహాయింపునే అడ్డుపెట్టాం. 2000 జూన్‌లో తనకు పరిధి లేదని న్యాయస్థానం తేల్చింది. మనం మూయించిన తలుపును మనమే ఎలా తడతాం?

పుస్తకాల దుకాణదారు, తిరుపతి:
గూఢచారి అంటూ పాకిస్తాన్ మరణశిక్ష వేసిన కుల్‌భూషణ్ జాదవ్ కోసం 2017లో వెళ్లాం కదమ్మా?

న్యాయ విద్యార్థిని:
అది పరాయి దేశంలో అరెస్టయిన పౌరులను వారి దౌత్యాధికారులు కలిసే హక్కు ఇచ్చే కాన్సులర్ సంబంధాల వియన్నా ఒప్పందపు ప్రోటోకాల్ (అనుబంధ ఒప్పందం) ఇచ్చిన దారి, సార్. జెనీవా ఒప్పందంలో అలాంటి ఏర్పాటు లేదు. అయితే మన దగ్గరే 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ఉంది. యుద్ధఖైదీని కావాలని చంపితే, అది దేశం బయట జరిగినా, మరణశిక్షో యావజ్జీవమో విధించవచ్చు. ఫిర్యాదు మాత్రం ప్రభుత్వం వైపు నుంచే రావాలి. అది అడగండి.

విశ్రాంత సుబేదారు:
నిందితుడు మన నేలమీద దొరకాలి కదమ్మా. వాడు దొరికేనా? హేగ్‌లో ఓడినా ప్రపంచం వింటుంది.

న్యాయ విద్యార్థిని:
దొరకడం కష్టమే. కానీ పరిధి దగ్గరే కేసు కొట్టేస్తే అక్కడ శవపరీక్ష నివేదికను తెరిచేవారే ఉండరు. ఇక్కడ ఫిర్యాదు వేస్తే దానికి మొదట జతచేసేది ఆ నివేదికనే.

విశ్రాంత సుబేదారు:
సరే, ఫిర్యాదు వేయమని వినతిపత్రం రాద్దాం. ముసాయిదా నువ్వే రాయి, మా మాజీ సైనికుల చేత సంతకాలు చేయిస్తాను. ఆరుగురి పేర్లూ మొదటి పేజీలోనే ఉండాలి. హేగ్ మాట మాత్రం నేను వదలను.